తలుపు వేసుకుని చేసిన పచ్చిపులుసు

మొదటిసారి పచ్చిపులుసు చేసిన రోజు, పొయ్యి వెలిగించక ముందే మా అవ్వ నాతో వీధి తలుపు వేయించింది. మా ఇళ్లలో అమ్మని అవ్వ అంటాం. తుంటి విరిగి మంచంలో ఉన్న మనిషి, తల కాస్త పైకెత్తి చూసి, "ముందు తలుపేసి రా. ఎవలన్న చూస్తరు" అంది. మరాఠీ ఊళ్లో తెలుగు నేతవాళ్లు ఉండే మా భవాని పేట్‌లో పట్టపగలు తలుపు వేసుకునే ఇల్లు ఉండదు. వేస్తే లోపల ఏదో జరిగిందని పక్కవాళ్లు వచ్చి తడతారు. అయినా వెళ్లి గడియ పెట్టాను. అవ్వ చెప్పకపోయినా పెట్టేవాణ్ణే.

నాకు యాభై దాటాయి. అంతవరకు నేను గ్యాస్ పొయ్యి ముట్టించింది చాయ్ కోసమే, అదీ ఇంట్లో ఆడవాళ్లు లేనప్పుడు. మా ముందు గదిలో నాన్న కొన్న మరమగ్గాలు ఉండేవి. వాటి మీద తువ్వాళ్లు నేసేవాళ్లం. నాన్న పోయాక కొన్నేళ్లు నేను నడిపాను, ఆ తరువాత నడపలేకపోయాను. సరుకు అడిగేవాళ్లు తగ్గిపోయారు. చివరికి మగ్గాలు విప్పించి పాత ఇనుము కింద ఇచ్చేశాను. కొన్నాళ్లు వేరేవాళ్ల షెడ్డులో కూలికి నేశాను. అదీ మూతపడితే ఒక బట్టల దుకాణం ముందు స్టూలు వేసుకుని కూర్చునే కాపలా పని దొరికింది. అంతలో అవ్వ స్నానాల గదిలో జారి పడింది.

ఆపరేషన్ అయింది గానీ అవ్వ మళ్లీ లేచి నడవలేదు. ఎత్తి కూర్చోబెట్టాలి, పక్కకు తిప్పాలి, దగ్గరుండి మందులు వేయాలి. ఎవరో ఒకరు ఇంట్లో ఉండాల్సి వచ్చింది. నా భార్య అశోక్ చౌక్ దగ్గర బడిపిల్లల యూనిఫారాలు కుట్టే కార్ఖానాలో మిషను మీద పనిచేస్తుంది. ఆమెది నిలకడైన పని. నాది రేపు ఉంటుందో లేదో తెలియని పని. ఎవరు మానాలో మేం కూర్చుని మాట్లాడుకోలేదు. ఒక పొద్దున ఆమె డబ్బా కట్టుకుని వెళ్లింది, నేను వెళ్లలేదు. అంతే. పెళ్లై పుణెలో ఉన్న మా అమ్మాయి ఫోన్ చేసి, బాపు ఇంట్లోనే ఉన్నాడా అని అడిగితే, సెలవు పెట్టాడని తల్లి చెప్పింది. ఆ మాట పక్క గదిలో ఉన్న నాకు వినపడింది. నేను కాదనలేదు.

మొదట్లో నా భార్యే తెల్లారకముందు లేచి అందరికీ వండి వెళ్లేది. సాయంత్రం వచ్చి మళ్లీ వండేది. ఆమె ముఖం పీక్కుపోవడం నేనూ చూశాను, అవ్వా చూసింది. ఒకనాడు జ్వరంతోనే లేచి రొట్టెలు మాత్రం చేసి, ఒక ఉల్లిగడ్డ డబ్బాలో వేసుకుని వెళ్లిపోయింది. ఆమె గడప దాటాక అవ్వ నన్ను పిలిచింది.

"బియ్యం కడుగొస్తదా నీకు?"

"వస్తది."

"అయితే అన్నం పెట్టు. పచ్చిపులుసు నేను చెప్త. దానికి పొయ్యి పని ఎక్కువుండదు."

అట్లా మొదలైంది. చింతపండు నానబెట్టిన గిన్నె మంచం దగ్గరికి తీసుకుపోతే అవ్వ వేలు ముంచి నాలుకకు రాసుకునేది. నీళ్లు పొయ్యమనేది, లేదా చాలనేది. పల్లీలు సన్నని సెగ మీద వేయించాలి. మొదటిసారి మాడ్చేశాను. మంచంలోంచే వాసన పట్టి, పారబోసి మళ్లీ వేయించమంది. వేగిన పల్లీలను మా మగ్గం మీద నేసిన పాత తువ్వాల్లో వేసి నలిపితే పొట్టు రాలిపోయేది. వాటిలో వేయించిన ఎండుమిరపకాయలు, జీలకర్ర, ఎల్లిగడ్డ వేసి బరకగా దంచాలి. ఉల్లిగడ్డ సన్నగా తరిగి ఉప్పు వేసి, నీరు వదిలేదాకా చేత్తో పిసకాలి. చెంచాతో కలిపితే పనికిరాదంది అవ్వ. అప్పుడు పులుపు నీళ్లు పోసి, దంచిన పొడి, కొంచెం బెల్లం, కొత్తిమీర కలపాలి. ఆఖరికి పోపు. మరిగించే పనే లేదు.

ఆ సాయంత్రం నా భార్య వచ్చి గిన్నె మూత తీసి చూసి, ఎవరు చేశారని అడగలేదు. అడగాల్సిన పని లేదు కదా. కంచంలో అన్నం పెట్టుకుని, పులుసు పోసుకుని తలవంచుకుని తింది. రెండోసారి పోసుకుంది. తిన్నాక కంచం కడుగుతూ, అటు తిరిగే, "ఉప్పు జర తక్కువున్నా మంచిగుంటది" అంది. మర్నాటి నుంచి ఆమె కాస్త ఆలస్యంగా లేచేది. డబ్బా నేను కట్టేవాణ్ణి.

మా పక్కింట్లో మగ్గాలు ఇంకా నడుస్తున్నాయి. ఆ చప్పుడు చిన్నప్పటి నుంచి వింటున్నదే. ఇప్పుడు దాని చాటున నేను పోపు పెట్టేవాణ్ణి. మగ్గాలు ఆడుతుంటే ఆవాలు చిటపటలాడినా, రోట్లో దంచినా బయటికి వినపడదు. మధ్యాహ్నం వాళ్లు భోజనానికి మగ్గాలు ఆపేలోపు నా వంట అయిపోవాలి. ఇది ఎవరూ నాకు పెట్టిన నియమం కాదు. నేనే పెట్టుకున్నాను.

ఒకరోజు నూనె కాగి, ఆవాలు వేసిన క్షణంలో కరెంటు పోయింది. వీధి మొత్తం ఒక్కసారి నిశ్శబ్దమైంది. ఆ నిశ్శబ్దంలో మా వంటింట్లో పోపు పేలుతోంది. కరివేపాకు వేశాక చప్పుడు ఇంకా పెరిగింది. మూత పెట్టేశాను. పక్కింటాయన చిన్నప్పటి నుంచి నాకు బావ వరస. గోడ అవతల గుమ్మంలోకి వచ్చి నిలబడినట్టున్నాడు.

"ఏం బావ, చెల్లె ఇయ్యాల కామ్‌కు వోలేదా? వాసన గుమ్మున వస్తున్నది."

నేను గరిట పట్టుకుని వంటింట్లో నిలబడే జవాబు చెప్పాను. "వోయింది. అవ్వ చేస్తున్నది."

ఆ మాట నోట్లోంచి వచ్చాక వెనక్కి తిరిగి చూస్తే, అవ్వ మంచంలోంచి నావైపే చూస్తోంది. లేచి కూర్చోవడానికి నా చెయ్యి కావాల్సిన మనిషి. ముఖం గోడవైపు తిప్పుకుంది. పక్కింటాయన మాత్రం సంతోషపడ్డాడు. అత్తకు నయమైందన్నమాట, ఒకసారి వచ్చి చూసిపోతానన్నాడు. నిద్రపోతోంది, రేపు రమ్మన్నాను. వంట చేస్తోందని చెప్పిన నోటితోనే నిద్రపోతోందని చెప్పాను. ఆయన ఇంకేం అడగలేదు. అడగకపోవడంతో నాకు చెవులు వేడెక్కాయి.

కార్ఖానాలో ఆడవాళ్లు మధ్యాహ్నం గుండ్రంగా కూర్చుని ఒకరి డబ్బాలోది ఒకరు తింటారు. నా భార్య డబ్బా ఖాళీగా వచ్చేది గానీ, ఆమె ఆకలిగా వచ్చేది. అడిగితే, పులుసు అందరూ పోసుకుంటున్నారని చెప్పింది. మర్నాడు పెద్ద డబ్బాలో పోసి ఇచ్చాను. అదీ ఖాళీగా వచ్చింది. నాకు లోలోపల సంతోషమే అయింది. వాళ్లు ఏమంటున్నారో అడగాలనిపించేది, అడగలేదు. ఎవరు చేశారని ఆమె చెబుతోందో అది అసలే అడగలేదు.

అది ఒక సెలవునాడు తెలిసింది. మధ్యాహ్నానికి ముందు ఇద్దరు ఆడవాళ్లు అరటిపళ్లు పట్టుకుని మా ఇంటికి వచ్చారు. ఒకామె అరవైకి దగ్గర్లో ఉంటుంది. బీడీ కార్మికుల కాలనీ విడీ ఘర్కుల్‌లో ఆమె ఇల్లు. వయసంతా బీడీలు చుట్టి, ఇప్పుడు కార్ఖానాలో గుండీలు కుడుతోంది. రెండో ఆమె అదే కార్ఖానాలో పనిచేసే మరాఠీ పిల్ల, మా అమ్మాయి వయసుది. ఇద్దరూ తిన్నగా అవ్వ మంచం దగ్గరికి పోయి కాళ్లు మొక్కారు. పెద్దామె అవ్వ చెయ్యి తన చేతుల్లోకి తీసుకుంది.

"నీ చేతి పచ్చిపులుసు తిని మా అవ్వ యాదికొచ్చింది పెద్దమ్మా. మా అవ్వ వోయినంక గసొంటిది మల్ల తినలే. నేర్సుకుందామని వచ్చిన."

మరాఠీ పిల్ల కూడా, ఆజీ మంచంలో ఉండి కూడా రోజూ కోడలికి వండి పంపిస్తుందని విని చూడాలనిపించింది అని చెప్పింది. నేను తలుపు పక్కన నిలబడి ఉన్నాను. నా భార్య ముఖం చూశాను. ఆమె నా వైపు చూసి, వెంటనే గుమ్మం వైపు చూసింది. బయటికి వెళ్లమని. నోటితో చెప్పి ఉంటే అంత బాధ ఉండేది కాదు. నేను అదే అబద్ధం పక్కింటాయనకు చెప్పినప్పుడు, అది నా పరువు కోసం చెప్పిన అబద్ధం. ఇప్పుడు ఆమె దాచింది నన్ను. నా భార్య నలుగురిలో దాచుకోవాల్సిన మనిషినయ్యానని అప్పుడు తెలిసింది.

చాయ్ పత్తి తెస్తానని బయటికి వచ్చాను. ఇంట్లో చాయ్ పొడి ఉంది. చౌక్ దాకా పోయి చాయ్ బండి దగ్గర నిలబడ్డాను. తెలిసినవాళ్లు పలకరిస్తుంటే తలూపుతున్నాను, ఏం మాట్లాడారో తెలియలేదు. ఎంతసేపు నిలబడగలను? మధ్యాహ్నం అవ్వకు మందు వేసే వేళయింది. అది ఎక్కడ ఉందో, ఎంత వెయ్యాలో నాకు తప్ప ఇంట్లో ఎవరికీ తెలియదు. తిరిగి వచ్చాను.

వచ్చేసరికి నా భార్య కింద కూర్చుని పచ్చిపులుసు కలుపుతోంది. అవ్వ మంచంలోంచి చెబుతోంది. వచ్చిన ఇద్దరూ చూస్తున్నారు. ఆమె ఉల్లిగడ్డను చెంచాతో కలిపింది. పల్లీలు మిక్సీలో మెత్తగా పొడి చేసేసింది. పెద్దామె అరచేతిలో పోసుకుని చప్పరించి, బాగుంది అంది. రోజూ వచ్చేది మాత్రం వేరు పెద్దమ్మా, నీ చెయ్యి పడితేనే వస్తుందేమో అంది. అవ్వ చెయ్యి అప్పుడు దుప్పటి మీద ఉంది. ఆపరేషన్ తరువాత వణుకు వచ్చింది దానికి. గ్లాసు కూడా పట్టుకోదు.

అవ్వ ఆ చేతినే చూసుకుంది.

"నా చెయ్యి ఏం లేదు బిడ్డా. నా కొడుకు చేస్తడు. నేను పండుకొని చెప్త."

నేను గుమ్మంలో ఉండడం అందరికంటే ముందు మరాఠీ పిల్ల చూసింది. నా భార్య గిన్నెలోకి చూస్తూ చెంచా తిప్పుతూనే ఉంది. పెద్దామె లేచి, కొంగు సర్దుకుని, నా ముఖంలోకి కాకుండా నా చేతుల వైపు చూసింది.

"మరిది, మా ముంగట ఒక్కసారి చెయ్యరాదు? నేర్సుకోను వచ్చినం గదా."

ఆమె ఎగతాళి చేసి ఉంటే కోపం తెచ్చుకుని తప్పించుకునేవాణ్ణి. ఆమె నిజంగానే అడిగింది. ముందు అవ్వకు మందు వేశాను. చేతులు కడుక్కుని కింద కూర్చున్నాను. నలుగురు ఆడవాళ్ల ముందు ఉల్లిగడ్డ పిసుకుతుంటే నా వేళ్లు నావి కానట్టున్నాయి. రోజూ తడుముకోకుండా చేసే పని, ఉప్పు వేశానో లేదో మరిచిపోయి రెండోసారి వేశాను. మరాఠీ పిల్ల ముచ్చటపడి ఫోన్ తీసింది. దాజీ అని బావ వరస కలిపి, ఒక్క వీడియో తీసుకుంటాను, మా ఆయనకు చూపిస్తాను అంది.

"వీడియో తియ్యకు" అంది నా భార్య. గట్టిగా అనలేదు. ఆ పిల్ల ఫోన్ లోపల పెట్టేసుకుంది.

ఉప్పెక్కువైన పులుసునే వాళ్లు అన్నంలో పోసుకుని తిన్నారు, మెచ్చుకున్నారు. పెద్దామె వెళ్లేటప్పుడు అవ్వకు మళ్లీ మొక్కింది. వాళ్లు మలుపు తిరిగాక నా భార్య గిన్నెలు ముందేసుకుని కూర్చుంది. నేనే మొదలుపెట్టాను. అవ్వ చేస్తోందని ఎందుకు చెప్పావని అడిగాను. ఆమె గిన్నె తోముతూనే చెప్పింది.

"ఆళ్ల మొగోళ్లు అందరు ఏదో ఒక కామ్‌కు వోతరు. నా మొగడు ఇంట్ల అన్నం వండుతడని ఎట్ల చెప్పాలె? చెప్పుదమనే అనుకున్న. నోరు రాలే."

నేను కూడా పక్కింటాయనకు అదే చెప్పానన్నాను. ఆమె చెయ్యి ఆగింది. అప్పుడు మంచంలోంచి అవ్వ గొంతు వినపడింది. మేం ఆమె నిద్రపోయిందనుకున్నాం.

"లేవని ముసలిదాన్ని అడ్డం వెట్టుకున్నరు ఇద్దరు."

తిట్టినట్టు కూడా లేదు ఆ మాట. మేమిద్దరం ఒకరినొకరు చూసుకోలేకపోయాం. నేను లేచి వెళ్లి ఆమెను పక్కకు తిప్పి, వీపు కింద దిండు సర్దాను. తలుపు వెయ్యమన్నది నువ్వే కదా అని అందామనుకున్నాను. అనలేదు. ఆమె నా కోసం సిగ్గుపడింది. నేను ఆమె వెనక దాక్కున్నాను. రెండూ ఒకటి కావు.

ఆ తరువాత కొన్నాళ్లు నా భార్య డబ్బాలో పచ్చిపులుసు పెట్టుకోలేదు. రొట్టె, పల్లీల చట్నీ చాలంది. కార్ఖానాలో వాళ్లు ఏమన్నారని నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. ఇంట్లో మాత్రం నేను చేస్తూనే ఉన్నాను. చెయ్యకపోతే ఎవరు చేస్తారు?

వానలు తగ్గాక ఒకరోజు విడీ ఘర్కుల్ పెద్దామె నా భార్యతో కబురు పంపింది. ఆమెకు అన్నదమ్ములు లేరు. తల్లి పేరు మీద ఏటా అన్నం పెట్టేది ఆమే. ఈసారి తల్లికి పెట్టే విస్తట్లో పచ్చిపులుసు ఉండాలని, అది నేను వచ్చి చెయ్యాలని. తను ఎంత చేసినా ఆ రుచి రావడం లేదట. కబురు చెబుతున్నంతసేపూ నా భార్య చీర అంచు చూసుకుంటూ చెప్పింది. రాలేనని చెప్పమన్నాను. అవ్వను ఎవరు చూసుకుంటారన్నాను. పక్కింటామెను కూర్చోబెట్టి పొమ్మంది అవ్వ. చనిపోయిన మనిషికి కాదనకూడదంది.

అన్నం పెట్టే రోజున షేర్ ఆటోలో ఇద్దరం వెళ్లాం. వాళ్లది రెండు చిన్న గదుల ఇల్లు. వంటింట్లో ఆడవాళ్లు కూరలు చేస్తున్నారు. మగవాళ్లు బయట చాప మీద కూర్చుని మాట్లాడుకుంటున్నారు. నన్ను చాప దగ్గరే ఆపి, కూర్చొమ్మని జాగా ఇచ్చారు. నేను చెప్పులు విప్పి, వాళ్లను దాటుకుని వంటింట్లోకి పోయాను. వెనకనుంచి ఎవరో నవ్వారు. నన్ను చూసి కాకపోవచ్చు. వంటింట్లో నేను వెళ్లేసరికి ఆడవాళ్లు మాట్లాడుకుంటున్నది ఆపి, కొంగులు సర్దుకుని, ఒక మూల ఖాళీ చేశారు. అక్కడా నేను అడ్డమే. తల దించుకుని చేశాను. ఈసారి ఉప్పు ఒక్కసారే వేశాను.

విస్తరి పెట్టి, దీపం పెట్టి, పెద్దామె తల్లి ఫోటో ముందు పులుసు గిన్నె జరిపి చాలాసేపు చేతులు జోడించుకుని కూర్చుంది. ఏడవలేదు. తరువాత మగవాళ్లకు వడ్డించారు. నన్ను బంతిలో కూర్చోమన్నారు, తరువాత తింటానన్నాను. చేతులకు ఇంకా ఉల్లిగడ్డ వాసన. గోడకు ఆనుకుని నిలబడ్డాను. పెద్దామె అల్లుడి తరఫు మనిషి ఒకాయన రెండోసారి పులుసు పోయించుకుంటూ నా వైపు తిరిగాడు. మంచిగ చేసినవ్ కాకా, ఏ మెస్‌ల చేస్తుంటవ్ అని అడిగాడు. నిజంగానే మెచ్చుకుంటూ అడిగాడు. నేతవాణ్ణి అని చెప్పవచ్చు, అది ఇప్పుడు నిజం కాదు. వంటవాణ్ణి అని చెబుదామంటే అదీ నిజం కాదు.

నా భార్య అన్నం గిన్నె పట్టుకుని బంతిలో వడ్డిస్తోంది. ఆమె గరిట ఆపింది.

"వంటాయన కాదు. మా ఆయన. ఇంట్ల చేస్తడు."

చెప్పి ముందుకు కదిలి పక్క విస్తరిలో అన్నం పెట్టింది. ఆమె చెవులు ఎర్రగా ఉన్నాయి. ఆయన ఓహో అని తలూపి, తినడంలో పడ్డాడు. చాప మీద ఇద్దరు ముగ్గురు తలెత్తి నన్ను చూసి దించుకున్నారు. నేను నీళ్ల చెంబు తీసుకుని, ఎవరి గ్లాసు ఖాళీ అయిందో వెతుకుతూ వాళ్ల మధ్యకు వెళ్లాను.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో మాకు ఎదురెదురుగా జాగా దొరికింది. మధ్యలో ఎవరివో సంచులు. దారి పొడుగునా ఆమె బయటికే చూసింది. నాకు ఆ మాట విన్నందుకు సంతోషంగా ఉండాలి. లేదని అనను. కానీ అంతమందిలో ఆమె చేత ఆ మాట అనిపించానే అన్న బాధే ఎక్కువగా ఉంది. ఆమె ఏమనుకుందో నాకు తెలియదు. ఆటో దిగాక, చింతపండు అయిపోవచ్చింది, కొనుక్కుని పోదామా అని అడిగింది. సరేనన్నాను. ఇద్దరం దుకాణం వైపు నడిచాం.